మబ్బుకి వేసిన తాళం

ఏమోయ్ కొత్త పెళ్ళికొడకా, మీ ఆవిడ ఫోను పాస్‌వర్డ్ తెలుసని మీసం దువ్వుకుంటున్నావట. దువ్వుకో, దువ్వుకో. ఈలోగా మా అన్నయ్య కూతురి సంగతి చెబుతాను, విను.

మా పిల్ల ఆసుపత్రిలో కంప్యూటర్ల గదిలో పని చేస్తుంది. రోగుల రిపోర్టులన్నీ క్లౌడ్‌లో ఉంటాయట. క్లౌడంటే మబ్బేగా, వానొస్తే మీ రోగాలన్నీ ఊరి మీద కురవవా అని అడిగాను. కురిసినా ఎవరికీ అర్థం కావు బాబాయ్, అక్షరాలన్నీ కలగాపులగం చేసి పెడతాం, తాళంచెవి ఉన్నవాళ్ళకే అవి మళ్ళీ మాటలవుతాయి అంది. ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు అన్నది తేల్చేది మా పిల్లే. పెద్ద సర్జనైనా ఆమె ఒప్పుకుంటేనే ఎక్స్‌రే చూస్తాడు.

ఇంటికొస్తే మాత్రం ఆమెకి తలుపుల్లేవు. అత్తగారు హ్యాండ్‌బ్యాగు మంచం మీద బోర్లించి, ఎంత చెత్త మోస్తావమ్మా అంటూ సర్దేస్తుంది. స్నేహితురాలి మెసేజికి ఆమెకంటే ముందు మొగుడే జవాబిచ్చేస్తాడు. స్నానానికి వెళితే తలుపు మీద చప్పుడు, నా సాక్సులెక్కడ అని. గిన్నెలు తోముతూ ఆలోచించేదట: అందరికీ ఇలా బార్లా తెరిచి ఉన్నానే, అసలు లోపల నేనున్నానా? ఉంటే ఎలా ఉంటాను? ఆ కుతూహలంతోనే ఇంటి కంప్యూటర్లో ఒక ఫోల్డరు పెట్టుకుని, తోచింది రాసుకుంటూ, తనే ప్రోగ్రాం రాసి దానికి తాళం వేసింది. ఎవరు పాస్‌వర్డని ఏ మాట కొట్టి చూసినా ఆ మాట ఆమె ఫోనుకి చేరుతుంది.

అది మొగుడి కంట పడనే పడింది. మన మధ్య దాపరికమేంటన్నాడు. పాస్‌వర్డ్ చెప్పనంది.

"దాపరికాలు నేర్పే ఉద్యోగం మనకొద్దు. అది తెరువు, లేదా మానెయ్."

ఆమె మర్నాడూ ఉద్యోగానికి వెళ్ళింది. ఆసుపత్రి క్యాంటీన్లో టీ తాగుతూ, ఇంట్లోవాళ్ళు కొట్టిన మాటలు చూసుకునేది. మొగుడు తన పుట్టినరోజు కొట్టాడు. తన పేరు, ఆపైన తన బండి నంబరు. అత్తగారు కొడుకు ముద్దుపేరు కొట్టింది. ఆమెకి సంబంధించిన మాట ఒక్కటీ లేదు. కోపం రాలేదట. రేపేం కొడతారా అని ఆత్రం. వాళ్ళ మనసుల్లో నేనెక్కడున్నానో వెతుక్కుంటున్నాను బాబాయ్ అంది తర్వాత.

చివరికి అల్లుడు నన్ను పిలిపించాడు. "ఎత్తుకుని పెంచారు కదా మావయ్యగారూ, మీకు తెలియకుండా ఉంటుందా?"

చొక్కా చేతులు మడిచి, చిన్నప్పుడు నేను పిలిచిన పేరు 'బుడంకాయ' కొట్టాను. తెరుచుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే అడుగున చిన్న అక్షరాలు: అనుమతి అడగండి. మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. ఇంటిల్లిపాదిలో ఒక్కరూ వాటిని నొక్కలేదు.

"నా పెళ్ళాన్ని నేను అడగడమేంటండీ?" అన్నాడు అల్లుడు.

ఇంత తేలిక పనికి ఇంత గొడవా అని కన్నుగీటి, నేను నొక్కాను. ఆసుపత్రి నుంచి వెంటనే ఫోను.

"అడిగింది నువ్వొక్కడివే బాబాయ్. చాలా సంతోషం."

"అయితే తెరువు తల్లీ."

"తెరవను. ఉద్యోగమూ మానను. ఆయనకీ చెప్పు."

అడగకుండా అల్లుడు బోల్తా పడ్డాడు. అడిగితే చాలు, ఇచ్చి తీరుతుందనుకున్నాను చూడు, నాది ఇంకా పెద్ద బోల్తా.