అడ్రస్ చెప్పండి మేడం

ఫైర్ కంట్రోల్ రూమ్‌లో చేరిన కొద్ది రోజులకే ఆమెకు సారమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. తప్పు ఆమెది కాదు, పాత ఉద్యోగానిది. అంతకుముందు వాషింగ్ మెషిన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది. చొక్కాలు పీలికలైన జనం నోటికొచ్చినట్టు తిడుతుంటే తేనె పూసిన గొంతుతో సారీలు చెప్పి చెప్పి, నాలుకకు అదే అచ్చు పడిపోయింది.

శిక్షణ ఇచ్చేది సైరన్ బాబాయ్. సగం జీవితం మంటల్లో తిరిగి, మోకాళ్లు అరిగాక కుర్చీకి వచ్చిన మనిషి. ఆయన గుసగుసలాడినా కింది అంతస్తులో టీ తాగేవాళ్లు ఉలిక్కిపడేవారు. శిక్షణలో ఆయనే ఇల్లు తగలబడినవాడి వేషం కట్టి, అవతలి బల్ల దగ్గర నుంచి ఫోన్ చేసేవాడు.

"అమ్మా! మా ఇల్లు కాలిపోతోంది!"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్."

బాబాయ్ ఫోన్ పెట్టేశాడు. "చింతించావు. సంతోషం. ఈలోగా నేను బూడిదయ్యాను. ఇక నా బూడిదకి కూడా ఒక సారీ చెప్పెయ్."

గదంతా పగలబడి నవ్వింది. సారమ్మ ముఖం కందగడ్డ అయ్యింది.

"ముందు అడ్రస్. లైను తెగిపోయినా బండి వెళ్లడానికి అదొక్కటీ చాలు. తర్వాత, ఏం కాలుతోంది, లోపల ఎవరున్నారు. ఆ తర్వాత వాళ్లను బయటికి గెంటడం. ఓదార్పులు వాళ్ల చుట్టాలు చూసుకుంటారు," అన్నాడాయన.

ఆమె ఇంట్లో భర్త మీద సాధన మొదలుపెట్టింది. "అడ్రస్ చెప్పండి సార్" అంటే అతను దుప్పట్లోంచే "నీ పక్కనే ఏడుస్తున్నా, పడుకోనియ్" అనేవాడు. అత్తగారు మాత్రం మూతి విరిచేది. "ఫోనెత్తడానికి కూడా ట్రైనింగా? మా ఇంట్లో మోగితే ఎత్తేవాళ్లం." ఆవిడకు కోడలి మాటంటే గాలికి పోయే పేలపిండే. గొడుగు తీసుకెళ్లమని కోడలు అంటే తడిసైనా వచ్చే రకం.

ఎట్టకేలకు బాబాయ్ ఆమెను నిజం ఫోన్ల ముందు కూర్చోబెట్టాడు. తను పక్కనే మరో హెడ్‌సెట్ పెట్టుకుని వింటున్నాడు. పొద్దుటి నుంచీ వచ్చినవి వింత ఫోన్లే. ఏటీఎం తన కార్డు మింగేసిందని ఒకడు. పక్కింటాయన చుట్ట పొగకు ఫైరింజన్ పంపమని ఒకావిడ. మధ్యాహ్నం లైను మళ్లీ మోగింది.

"ఇదిగో! వంటింట్లో మంటలేచింది!"

ఆ గొంతు అత్తగారిది. తెర మీద నంబరు కూడా ఆవిడ సెల్‌దే. 'అత్తయ్యా' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. కోడలినని తెలిస్తే ఆవిడ ఒక్క మాటైనా వింటుందా?

"అడ్రస్ చెప్పండి మేడం."

అత్తగారు వీధి పేరు, ఇంటి నంబరు, మూల మీది మందుల షాపుతో సహా గడగడా చెప్పింది. సారమ్మ వేళ్లు పరిగెత్తాయి. అవతల బండి బయల్దేరింది.

"బండి వస్తోంది. ఏం అంటుకుంది మేడం?"

"మూకుట్లో నూనె! మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ అటు చూడలేదు. మా కోడలి సంగతులు చెబుతున్నా. ఒకటా రెండా, టైం పట్టదూ? ఉండు, నీళ్లు పోస్తున్నా, చెంబు చేతిలోనే ఉంది."

"పొయ్యొద్దు!"

ఆ అరుపుకు సైరన్ బాబాయే కుర్చీలో ఎగిరిపడ్డాడు.

"కాగే నూనె మీద నీళ్లు పడితే మంట ఎగిరి మీ మొహం మీదికే వస్తుంది. చెంబు కింద పెట్టండి."

టంగుమని చెంబు నేలకు తగిలింది. "పెట్టాను," అంది అత్తగారు.

"స్టవ్ కట్టేసే వీలుందా?"

"మంట పై అలమర దాకా పాకింది."

"అయితే దగ్గరికి పోవద్దు. వంటింటి తలుపు మూసేసి బయటికి రండి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా ఆయన స్నానం చేస్తున్నారు."

"తలుపు కొట్టి పిలవండి."

దబదబా చప్పుడు వినిపించింది. "సబ్బు కడుక్కుని వస్తారట."

"సబ్బుతోనే రమ్మనండి!"

"టవలు?"

"టవలు సరే. మిగతావి వద్దు."

బాబాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి వీధి రొద వినిపించింది. "వచ్చేశాం. ఈయన పరువు పోయిందని గోల పెడుతున్నారు," అంది అత్తగారు. వెనక దూరంగా బండి కూత. లైను తెగిపోయింది.

సారమ్మ హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకుంది.

"ఎవరే?" అని గుసగుసగా అడిగాడు బాబాయ్.

"మా అత్తయ్య."

గుసగుస ఆయనది కాబట్టి అంతస్తులో అన్ని తలలూ ఇటు తిరిగాయి. "చెబితే ఫోన్ నేను తీసుకునేవాణ్ని కదే!"

"నేనని తెలిస్తే ఆవిడ చెంబు దించేది కాదు బాబాయ్."

ఆయన ఆమె చేతిలోంచి హెడ్‌సెట్ తీసుకుని, ఇంటికి పొమ్మన్నాడు.

వెళ్లేసరికి వంటింటి గోడలు కాటుక డబ్బాలా ఉన్నాయి. అలమర పోయింది, మనుషులు మిగిలారు. మామగారు జుట్టులో ఎండిన సబ్బుతో గదిలో దాక్కున్నారు. అత్తగారు గడప మీద కూర్చుని ఉంది.

"ఫోను ఎవరెత్తారు అత్తయ్యా?" అంది సారమ్మ, ఏమీ ఎరగనట్టు.

"నటించకు. అడ్రస్ అన్నప్పుడే పోల్చుకున్నా."

సారమ్మ నోరు తెరుచుకుంది. "మరి చెప్పలేదేం?"

"నువ్వు నన్ను మేడం అంటుంటే వినసొంపుగా ఉంది. మళ్లీ ఎప్పుడంటావో ఏమో."

"పైగా నా సంగతులు నాకే చెప్పారు!"

"మీ ఆఫీసువాళ్లకు మాత్రం తెలియొద్దూ?" అంది అత్తగారు. తర్వాత తన అరచేతుల వైపు చూసుకుంది. "అప్పుడు నాకేమీ తోచలేదే. ఊరూ పేరూ తెలియని మనిషి చెప్పుంటే ఆ నీళ్లు పోసేసేదాన్నే. నీ గొంతు కాబట్టి చెంబు దించాను."

సారమ్మ గడప మీద ఆవిడ పక్కనే చతికిలబడింది.

సాయంత్రం భర్త వచ్చి, నల్లబడ్డ కిటికీ చూసి కొయ్యబారిపోయాడు. "ఏమైందమ్మా?"

"ఏముందిరా," అంది అత్తగారు లేస్తూ, "మీ నాన్న స్నానం వీధంతా చూసింది."