పచ్చరంగు కింద ఎర్రరంగు

కన్నబాబు మొదటి దెబ్బకే నా ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. తెడ్డు తిరగేసి దాని పిడితో కొట్టాడు. చిల్లంగి పెట్టేవాళ్ళ పళ్ళు రాలగొడితే మంత్రం సరిగ్గా పలకదట. సిక్కోలు నుంచి ఈ దీవులకు ఓడెక్కినప్పుడు ఇంకేం తెచ్చుకున్నారో గానీ, ఈ తెలివి మాత్రం మర్చిపోకుండా మోసుకొచ్చారు, వీళ్ళ మొహాలు మండ!

నా పేరు గురువమ్మ. ఈ దీవుల్లో రేవుపేట జంగ్లీఘాట్‌లో పాత చెక్క ఇళ్ళ వరుసలో చివరిది నాది. పక్కిల్లు కన్నబాబుది, చేపల పడవ మీద పోతాడు. వాడి కూతురు కళ్యాణికి నాలుగేళ్ళు. మూడు నెలలుగా పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది, తిన్నది కక్కేస్తోంది, కుడికాలు ఈడుస్తోంది. దానికి రోజూ ఉప్పుచేప వేయించి ఇంత అన్నం తినిపించేదాన్ని నేనే. అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో మంత్రాలు వేసేవాడొకడు "పడమటింటి విధవ పని" అన్నాడట. పడమటిల్లు నాదే. ఇంకేముంది?

"సెప్పవే! ఏటెట్టినావు మా గుంటకి?" అంటూ కన్నబాబు జుట్టు పట్టుకుని నన్ను వీధిలోకి ఈడ్చాడు. వాడి పెళ్ళాం లక్ష్మీకుమారి నా డొక్కలో తన్నింది.

"అన్నమెట్టినాన్రా, సచ్చినోడా! నీ సెయ్యి పడిపోనూ!" వీధంతా వినేలా తిట్టాను. తిట్టినకొద్దీ నోట్లోంచి నెత్తురు కారింది.

"మారో బుడ్ఢీకో!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ముసలిదాన్ని కొట్టమనడానికి తెలుగు చాల్లేదు కాబోలు వెధవకి.

నేలమీద పడి తలెత్తితే వాళ్ళింటి కిటికీలో కళ్యాణి కనబడింది. మమ్మల్ని చూసి ఏడుస్తూనే, కిటికీ చెక్కను గోళ్ళతో గీకి ఆ పెచ్చులు నోట్లో వేసుకుంటోంది. పైన పచ్చరంగు, దాని కింద ఎర్రరంగు.

ఆ ఎర్రరంగు నాకు తెలుసు. నా మొగుడు రాముడు ముప్పయ్యేళ్ళు యార్డులో పడవలకు రంగులేశాడు. ఇనుము తుప్పు పట్టకుండా అడుగున పూసే రంగది. ఆయనా ఇలాగే కడుపు పట్టుకుని దొర్లాడు. చేతులు మణికట్ల దగ్గర వేలాడిపోయాయి. రంగులో సీసం ఉందనీ, అదే ఒంట్లోకి దిగిందనీ డాక్టరు చెప్పిన నెలకే పోయాడు. ఇరవయ్యేళ్ళయింది.

ఎలా లేచానో నాకే తెలీదు. కన్నబాబు గుమ్మం పక్కనున్న గునపం లాక్కున్నాను. పిల్లను లోపలికి తోసి కిటికీ మీద పోటు వేశాను. చెక్క ఫెళ్ళుమంది. వెనకనుంచి తెడ్డు నా భుజం మీద పడింది, ఎముక విరిగింది. ఒంటిచేత్తో మళ్ళీ పొడిచాను.

"ఓలమ్మో, గుంటని సంపేత్తంది!" అని లక్ష్మీకుమారి కేకలు పెట్టింది.

"నాను గాదే, ఆ రంగు సంపేత్తంది! దాని నోరు సూడు, గుడ్డిదానా! ఇసం తింతంది!"

అప్పుడే లోపల పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగింది. మూర్ఛ. తల్లి పరుగెత్తి పక్కకు తిప్పేసరికి, నురగతోపాటు ఎర్రటి పెచ్చులు బయటికొచ్చాయి. లక్ష్మీకుమారి నా వంక ఒక్కసారి చూసింది. మరుక్షణం పిల్లనెత్తుకుని "ఆటో! భయ్యా, జల్దీ!" అంటూ రోడ్డుమీదికి ఉరికింది. నన్నక్కడే వదిలేసి అందరూ ఆమె వెంట పోయారు.

పద్దెనిమిది రోజుల తర్వాత కన్నబాబు మా ఇంటికొచ్చాడు. పిల్ల రక్తం మెయిన్‌లాండ్‌కి పంపి పరీక్ష చేయించారట. ఒళ్ళంతా సీసమేనట. ప్రాణానికి భయం లేదు, కాలు మాత్రం ఎప్పటికి కుదురుతుందో చెప్పలేమన్నారట. వాడు నా కాళ్ళమీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నన్ను సెమించు మామ్మా! నువ్వు దేవతవి."

నోరు మూసుకుంటే సరిపోయేది. ఈ వయసులో నన్ను దేవత అనేదెవరు? నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగానే ఉంది. కానీ ఆ వరుసలో ఇంకా పిల్లలున్నారు.

"ఆ రంగు మీ ఇంటికెలాగొచ్చిందో అడగవేట్రా?"

వాడు తలెత్తాడు.

"మా ముసిలోడు యార్డులో మిగిలిన డబ్బాలు తెచ్చీవోడు. వానకి సెక్క పాడవదని వరసంతా నానే పంచినాను. మీ అయ్య పడవ మీదుంటే, మీ కిటికీకి నా సేత్తోనే పూసినాను. మా ముసిలోడు పోయినప్పుడే నాకు తెలిసింది అది ఇసమని. అందరూ తిడతారని బయమేసింది. పైన యేరే రంగేసుకున్నారు గదా, ఏటీ అవదులే అని ఊరుకున్నాను. ఒక్క మీ ఇల్లే గాదు. పదకొండిళ్ళు."

కన్నబాబు చేతులు నా పాదాలను వదిలేశాయి. లేచి చెంపమీద కొట్టాడు. కిందపడితే ఎత్తి మళ్ళీ కొట్టాడు. ఈసారి నేను తిట్టలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వాడు అలిసిపోయి గోడకి చేరగిలబడ్డాక, మిగిలిన పదిళ్ళ పేర్లూ ఒక్కొక్కటే చెప్పాను.