ఇరవై నాలుగో నంబరుకి సాసేజ్ ఎందుకు దక్కలేదు

“నువ్వే కోచ్, నువ్వే! ఈ సీజన్‌ని మంటగలిపింది నువ్వూ, నువ్వు నెత్తిన పెట్టుకు ఊరేగిస్తున్న ఆ ఇరవై నాలుగో నంబరూ!”

ఎమిల్ బార్ట్కో చేతిలో కత్తి ఉంది. పంది తొడ కోస్తున్న కత్తే గాని, అతను దాన్ని కిందపెట్టి మాట్లాడే రకం కాదు. కోచ్ డూగన్ ఓ అడుగు వెనక్కి వేశాడు.

అమెరికాలో డన్‌మిల్ అనే ఊళ్ళో మాంసం కొట్టు ఎమిల్‌ది. హైస్కూలు ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్) జట్టు అభిమాన సంఘానికి అధ్యక్షుడూ అతనే. పిల్లల జెర్సీలు కొనేది ఆ సంఘం, స్కోరుబోర్డులో మాడిన బల్బులు మార్పించేది ఆ సంఘం. కాబట్టి కోచ్‌కి జీతం ఇచ్చేది స్కూలైనా, తిట్టే హక్కు మాత్రం సంఘానిది. ఎవరూ ఇచ్చిన హక్కు కాదు. లాక్కున్నారు, అంతే. ఉక్కు మిల్లు మూతపడిన ఊళ్ళో పెద్దమనుషులకి పెత్తనం చెయ్యడానికి ఇంకేం మిగిలింది? పదహారేళ్ళ పిల్లలు మిగిలారు.

ఇరవై నాలుగో నంబరు డేవియన్ ప్రూయిట్. కార్నర్‌బ్యాక్. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, దాన్ని అందుకోవడానికి ఒకడు పరిగెత్తుతాడు. వాడికి జలగలా అంటుకుని ఉండటం కార్నర్‌బ్యాక్ పని. సందు దొరికితే బంతిని గాల్లోనే లాక్కుని కొట్టేయాలి. పోయిన ఏడాది స్కూలు జూనియర్ జట్టులో డేవియన్ కొట్టేసిన బంతులు చూసి ఊరికి మతిపోయింది. ఈ ఏడాది పెద్ద జట్టులోకి వచ్చాడు. ఆగస్టులో ఎమిల్ కొట్టు ముందు నిలబడి ప్రకటించాడు: వాడు కొట్టేసిన ప్రతి బంతికీ ఒక సాసేజ్ చుట్ట ఉచితం! పేగులో మాంసం కూరి పొగపెట్టిన సాసేజ్, పోలండు నుంచి తాత పట్టుకొచ్చిన తయారీ. మొదటి చుట్టని అద్దం వెనక కొక్కేనికి తగిలించి, కింద ‘24’ అని అట్టముక్క పెట్టాడు.

అక్టోబరు ముగిసిపోతోంది. చుట్ట అక్కడే ఉంది. ఎండి, నల్లబడి, సైకిలు టైరులా తయారైంది. మొదట్లో దాన్ని చూసి తోకలాడించిన కుక్కలు ఇప్పుడు రోడ్డు దాటి అటువైపు పోతున్నాయి. డేవియన్ ఒక్క బంతీ కొట్టేయలేదు.

“అది కాదు ఎమిల్,” అన్నాడు కోచ్, “అసలు వాడివైపు బంతే రావట్లేదయ్యా.”

కొట్టులో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

“రాకపోతే? వాడే వెళ్ళి తెచ్చుకోవాలి!” అన్నాడు ఎమిల్. “మా ఇంటికి మాంసం రావట్లేదని నేను కొట్టులో కూర్చుని ఏడుస్తానా?”

“ఆ కుర్రాడి పేరు స్టేడియం మైకులో విని ఎన్నాళ్ళైంది కోచ్?” అన్నాడు బార్బర్ హంక్. “నేనైతే వాళ్ళింటివాళ్ళు ఊరు మారిపోయారేమో అనుకున్నా.”

మళ్ళీ నవ్వులు. కోచ్ కూడా నవ్వాడు. అక్కడే తెలిసిపోయింది ఆయన వెన్నెముక సంగతి. తెలిసిన మనిషి తెలిసిన మాట ఒక్కసారి చెప్పి, నాలుగు నవ్వులకే జారిపోతే వాణ్ణి ఏమనాలి? ఏమన్నా అది అచ్చుకెక్కే మాట కాదు.

“శుక్రవారం వెస్ట్ హార్లోతో ఆట,” అన్నాడు ఎమిల్. “గెలిస్తే జిల్లా పోటీలకి పోతాం. ఓడితే ఇళ్ళకి పోతాం. ఆ ప్రూయిట్ కుర్రాణ్ణి ఆటలోంచి తీసి బల్ల మీద కూర్చోబెట్టి, లెస్కో వాళ్ళ కర్ట్‌ని దింపు. లేదా వచ్చే ఏడాది జెర్సీలు మీ ఆవిడ చేత కుట్టించుకో.”

కోచ్ తల గోక్కుని, సరేనన్నాడు.

మర్నాడు డేవియనే కొట్టుకి వచ్చాడు, వాళ్ళ నాయనమ్మకి పక్కటెముకలు కావాలని. సన్నగా, పొడుగ్గా, చూపులన్నీ నేలమీదే. ఎమిల్ తూకం వేస్తూ ఉండబట్టలేక అడిగాడు.

“ఏరా, శుక్రవారాలు మైదానంలో ఏం చేస్తున్నావు?”

“పరిగెడుతున్నాను సార్.”

“ఎక్కడికి?”

“వాడు ఎక్కడికి పోతే అక్కడికి.”

“మరి బంతి?”

“అది రాదు సార్.” కుర్రాడు పొట్లం అందుకుని, అద్దం వెనక వేలాడుతున్న చుట్టని చూశాడు. “రేపు నేను ఆడట్లేదంట. కోచ్ చెప్పారు. ఎందుకో తెలుసా సార్ మీకు?”

ఎమిల్ వెనక్కి తిరిగి, కడిగిన కత్తినే మళ్ళీ కడిగాడు. కుర్రాడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

“గొంతు ఏమైంది? నిన్న ఊరంతా వినిపించిందిగా,” అంది లోపలి గదిలోంచి భార్య ఇర్మా.

శుక్రవారం సాయంత్రం ఊరంతా స్టేడియంలోనే ఉంది. ఎమిల్ సంచిలో కొత్త చుట్ట ఒకటి పెట్టుకొచ్చాడు, కర్ట్ లెస్కో కోసం. ఆట మొదలయ్యే ముందు మైకులో ఆటగాళ్ళ పేర్లు చదువుతున్నారు.

“కార్నర్‌బ్యాక్, డేవియన్ ప్రూయిట్‌కి బదులు... కర్ట్ లెస్కో!”

అవతలి వైపు వెస్ట్ హార్లో జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు, ఈలలు, డప్పులు. తమ జట్టు మైదానంలోకి దిగినప్పుడు కూడా అంత గోల చెయ్యలేదు. ఒక ముసలావిడ పక్కవాళ్ళని కావలించుకుంటోంది.

“వీళ్ళకేం పుట్టింది?” అన్నాడు ఎమిల్.

ఇర్మా డేవియన్ కూర్చున్న బల్ల వైపు చూసి, తర్వాత మొగుడి వైపు చూసింది. ఆమె అలా చూసినప్పుడే ఎమిల్‌కి భయం.

వేడి కోకో తెచ్చుకుందామని కంచె దగ్గరి దుకాణానికి వెళ్ళాడు. వరసలో ముందున్నవాడు వెస్ట్ హార్లో మనిషి, ఎర్ర టోపీ. ముఖం పెళ్ళివారి ముఖంలా వెలిగిపోతోంది.

“అన్నా, మీ ఊళ్ళో ఆ ఇరవై నాలుగుని కూర్చోబెట్టిన పుణ్యాత్ముడు ఎవరన్నా? చెప్పు, చెయ్యి ముద్దు పెట్టుకుంటా!”

“ఏం, ఎందుకు?” అన్నాడు ఎమిల్.

“ఎందుకేంటన్నా! మా మేనల్లుడే క్వార్టర్‌బ్యాక్. వారం నుంచి వాడికి అన్నం సయించట్లేదు. వాళ్ళ కోచ్ ముందే చెప్పేశాడు, ‘ఇరవై నాలుగు ఉన్నవైపు విసిరావంటే బస్సు ఎక్కించను, నడిచి రా’ అని. ఈ జిల్లాలో ప్రతి జట్టుకీ అదే మాట. సగం మైదానం వదిలేసుకుని ఆడుతున్నాం మేమంతా! ఇవాళ దేవుడు కళ్ళు తెరిచాడు. ఏంటన్నా, అలా అయిపోయావ్? కోకో కాలిందా?”

ఎమిల్ కోకో అక్కడే వదిలేసి వచ్చేశాడు. మైదానంలో అప్పటికే ఉతుకుడు మొదలైంది. కర్ట్ లెస్కో మంచి పిల్లాడు. పాలు పోసి పెంచిన దూడలా ఉంటాడు, పరుగూ అలాగే ఉంటుంది. మొదటి బంతి అతని నెత్తిమీంచి పోయింది. రెండోది పక్కనుంచి పోయింది. మూడోసారి కాళ్ళు మెలికపడి అతనే కిందకి పోయాడు. వెస్ట్ హార్లో పాయింట్లు ఎగబాకుతున్నాయి.

“కర్ట్ లెస్కో! మళ్ళీ కర్ట్ లెస్కో వైపే!” అని మైకు అరుస్తోంది. పేరు బాగానే వినిపిస్తోంది, హంక్ కోరుకున్నట్టే.

ఎమిల్ లేచి గుండెలు బాదుకున్నాడు. “ఏ బుద్ధిలేని వెధవ వాణ్ణి కూర్చోబెట్టింది!”

“నువ్వే,” అంది ఇర్మా.

చుట్టుపక్కల నాలుగు వరసలు తిరిగి చూశాయి. ఎమిల్ ఎర్రబడ్డాడు. తర్వాత సంచి పట్టుకుని మెట్లన్నీ దిగి, కంచె మీద వాలి రంకె వేశాడు.

“కోచ్! ఇరవై నాలుగుని దింపు!”

“నువ్వే కదయ్యా వద్దన్నది!”

“నేను మాంసం కొట్టేవాణ్ణి! కోచ్‌వి నువ్వా నేనా? నేనంటే నువ్వు వింటావా? దింపు!”

డేవియన్ బల్ల మీంచి లేచాడు. హెల్మెట్ పెట్టుకుని, ఎమిల్ వైపు ఒక్కసారి చూసి, పరుగున వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

ఆట మొదలైంది. ఎమిల్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బంతిని చూడటం మానేసి, కుర్రాణ్ణి చూశాడు. ఎర్ర జెర్సీవాడు ఎడమకి మళ్ళితే డేవియన్ ఎడమకి, ఆగితే ఆగాడు, తిరిగితే ముందే తిరిగి ఉన్నాడు. వెస్ట్ హార్లో క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఎత్తి అటు చూశాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. గబగబా ఇటు తిరిగి ఎక్కడికి విసరాలో తెలియక తడబడ్డాడు. ఈలోగా మనవాళ్ళు నలుగురు మీద పడి, బంతి విసరకముందే అతన్ని నేల కరిపించారు.

మైకు ఆ నలుగురి పేర్లూ చదివింది. జనం ఆ నలుగురికీ చప్పట్లు కొట్టి కూర్చున్నారు. ఇరవై నాలుగు పేరు ఎవరూ ఎత్తలేదు.

ఎమిల్ కంచెకి వీపు ఆనించి స్టాండ్ వైపు తిరిగాడు. సంచిలోంచి సాసేజ్ చుట్ట తీసి జెండాలా ఊపుతూ గొంతు చించుకున్నాడు.

“ఏంట్రా కూర్చున్నారు? హంక్, లే! అటువైపు ఏం జరిగిందో చూశావా? ఏమీ జరగలేదు! బంతి రాలేదు, పాయింటు రాలేదు, ఒక్క ముక్క జరగలేదు! అది వాడి పని! ఇన్నాళ్ళూ మనకి కళ్ళు లేవు! లేవండి, అందరూ లేవండి! చప్పట్లు కొట్టండి ఆ కుర్రాడికి, ఇప్పుడే, వాడికి వినపడేట్టు!”