బాలశౌరి చెప్పిన సాక్ష్యం

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లోనే బాలశౌరి పనిచేసే ప్రైవేటు ఇనుప పోత ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ తర్వాత రెండేళ్లు అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గడ్డం గీయడు, అన్నం సరిగా తినడు, అడిగితే పలకడు. ఉక్కు ఫ్యాక్టరీ ఊరైన భిలాయిలో మగవాణ్ణి ముందు ‘ఏ డ్యూటీ?’ అని అడిగి ఆ తర్వాతే పేరడుగుతారు. డ్యూటీ లేనివాడింటికి చుట్టాలు రావడం మానేశారు. చివరికి ప్రార్థన కూటం వాళ్ళు కూడా పక్క వీధిలోంచి పోయేవారు.

అతని భార్య వెరోనికా నెహ్రూ నగర్‌లో ఒక ఆఫీసరింట్లో వంట చేసి సంసారం ఈదుకొచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు ఛాయమ్మ నచ్చజెబితే మొగుణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇది బద్ధకం కాదు, జబ్బు, ఏడాదిపాటు మాత్రలు ఆపకూడదు అన్నాడాయన. రెండు నెలలు తిరిగేసరికి బాలశౌరి తనంతట తానే గడ్డం గీసుకున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని కసిరాడు కూడా. ఆ కసురుకి వెరోనికా వంటింట్లో కూర్చుని సంతోషంతో ఏడ్చింది.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కాని నలుగురితో నారాయణ అన్న మాట క్రైస్తవులకీ చెల్లుతుంది. ఆ ఆదివారం ఇమ్మాను ఇంట్లో కూటం. ఇమ్మాను కూటానికి పెద్ద, జాముల్‌లో సిమెంటు బస్తాలు లారీలకెత్తే కూలీలకు ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కూడా. స్వస్థత పొందినవాడు నలుగురి ముందు లేచి సాక్ష్యం చెప్పాలన్నది అక్కడి ఆచారం. వెరోనికాయే మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. బాలశౌరి లేచి, ప్రభువు నన్ను బాగుచేశాడన్నాడు. మాత్రల మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

“రేపట్నుంచి పనిలోకి వొచ్చీ బావా” అన్నాడు ఇమ్మాను.

ఇంటికొచ్చాక బాలశౌరి మాత్ర పక్కకు నెట్టేశాడు. “ప్రబువు బాగు సేసినాడని సెప్పి మల్లీ మందు మింగితే, ఆయన్ని అబద్దికుణ్ణి సేసినట్టు కాదేటే?”

వెరోనికా కాదనలేదు. వచ్చేపోయేవాళ్ళ కంట పడకుండా మాత్రలు తానే బియ్యం డబ్బాలో దాచేసింది. డాక్టరు మాట గుర్తులేక కాదు. రెండేళ్ల తర్వాత ఇంటికి మనుషులొస్తున్నారు, ఆ ముచ్చట వదులుకోలేకపోయింది.

ఆరు వారాలు గడిచాయి. బాలశౌరికి ముందు తిండి తగ్గింది, తర్వాత మాట తగ్గింది. ఒక శనివారం బస్తాల పక్కన కూలబడితే తోటి కూలీలు ఆటోలో తెచ్చి ఇంటి దగ్గర దించిపోయారు.

“నాను నేకపోతే నువ్వు సుకంగా ఉంటావు” అన్నాడు గోడవైపు తిరిగి.

ఆ సాక్ష్యం నిజం కాదని ఒప్పుకుంటే గాని అతను మాత్ర ముట్టడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసే మర్నాడు ఆమె కూటంలో లేచి నిలబడింది.

“మా ఆయనికి నయం కానేదు. డాక్టరు మందుకి కాస్త నెమ్మదించింది. ఆ మందు దాచీసింది నానే. మల్లీ ఏస్తాను.”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇమ్మాను ఆమెతో గుమ్మం దాకా వచ్చాడు.

“ఎంత పని సేసినావక్కా! మతి మందు మింగినోణ్ణి లారీ ఎక్కిస్తే, రేపేటైనా అయితే నాను జవాబు సెప్పుకోవాల. బావని పనిలోకి పంపకు” అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే వెరోనికా తిట్టిపోసి అయినా కడుపుమంట తీర్చుకునేది.

ఇంటికొచ్చి మాత్ర, మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది.

“సెప్పీసినావా?” అన్నాడు బాలశౌరి.

“సెప్పీసినాను.”

“పని?”

“పోయింది.”

అతను మాత్ర అందుకోలేదు. “మరి రేప్పొద్దున్న నానెందుకు లెగాలే?”

దేవుడి పేరు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పని పేరు చెబుదామంటే అదీ పోయింది.

“నాకు బయ్యమేస్తందయ్యా. నువ్వు లెగకపోతే నాకు శానా బయ్యం” అంది.

అతను మాత్ర మింగాడు. మర్నాడు పొద్దున్న మాత్రం లేవలేదు. వెరోనికా ఇంకో మాత్ర పట్టుకుని దగ్గరికొస్తే, కళ్ళు తెరవకుండానే నోరు తెరిచాడు.