మిల్లు గేటు లోపల ఓటు

నేను ఒక ఇనుప బ్యాలెట్ పెట్టెను. ఓటింగ్ మిషన్లు రాగానే ప్రభుత్వం నన్ను పాత సామాన్ల వేలంలో వదిలించుకుంది. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు యూనియన్‌కు కార్యదర్శి అయిన తాతబాబు నన్ను కొని, ఆఫీసులో నా మీద టీ గ్లాసులు పెట్టుకున్నాడు.

ఆదివారాలు ఆయన కార్మికులకు రాజకీయ పాఠం చెప్పేవాడు.

"అయిదేళ్లకోసారి ఎమ్మెల్యేని ఎన్నుకుంతాం. మిల్లులోకెల్తే మన మేస్త్రీని కూడా ఎన్నుకోలేం. పెట్టుబడిదారుడి గేటు దగ్గరే ప్రజాస్వామ్యం ఆగిపోద్ది. ఈ డబ్బా ఒట్టి మోసం!"

నాకు ఒళ్లు మండేది. కానీ మనిషి చెప్పేది అబద్ధమూ కాదు.

ఒక ఆదివారం లెంక సత్తెమ్మ కట్టు కట్టిన చెయ్యి ఎత్తింది. యాజమాన్యం మిషన్ల వేగం పెంచిన వారానికే ఆమె రెండు వేళ్లు నలిగిపోయాయి.

"అయితే బాబూ, మిషను ఎంత జోరుగా తిరగాలో లోపల మనమే ఓటేసుకుంతే?"

తాతబాబు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అది విప్లవం వొచ్చాక, అమ్మా."

"అందాకా సేతికి ఏళ్లు మిగలాల గదా!"

మర్నాడు ఆమె నన్ను చంకనెత్తుకుని మిల్లులోకి నడిచింది. నాలుగు వందల పన్నెండు మంది ఓటేశారు. ఏడుగురు తప్ప అందరూ వేగం తగ్గించాలన్నారు.

మేనేజరు చలపతి నవ్వాడు. "మిల్లు సేఠ్ గారిది. మీ ఓట్లతో నడవదు."

"మా సేతుల్తోనే గదండీ నడుస్తాది," అంది సత్తెమ్మ.

తొమ్మిది రోజులు మిషన్లు తిరగలేదు. ఇళ్లలో పొయ్యిలూ సరిగా వెలగలేదు. పదో రోజున చలపతి నవ్వకుండా వేగం తగ్గించాడు.

ఇక సత్తెమ్మ నన్ను వదల్లేదు. "మన యూనియన్ కార్యదర్శికి ఎన్నిక జరిగి ఎన్నాళ్లయింది బాబూ?" అంది. పద్దెనిమిదేళ్లయింది. తాతబాబు గొణుగుతూనే ఆమె మీద పోటీకి నిలబడ్డాడు. పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నన్ను మోసమన్న పెద్దమనిషి ఓట్లు మూడుసార్లు లెక్కపెట్టించాడు! నాలుగోసారి అడగబోతే అందరూ నవ్వారు.

సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. "ఆదివారం పాఠం మానీకండి బాబూ. మీరు సెప్పబట్టే గదా, నానడిగినాను."

 ఆ ఆదివారం తాతబాబు వేళకు ముందే వచ్చాడు.

ఇప్పుడు నన్ను క్యాంటీన్ కమిటీకీ, కార్యదర్శికీ, చివరికి మేస్త్రీ పేరు సూచించడానికీ పిలుస్తున్నారు. మేనేజరు పదవికి ఎన్నిక ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు. నేనైతే ఖాళీగానే ఉన్నాను.