సన్నటి కూత

మా బావకు చీమ చిటుక్కుమన్నా వినపడుతుందని మా షాపుకు పేరు. కార్లలో పాటల సెట్లు బిగించడం మా పని. వైరింగులో ఎక్కడ తేడా ఉన్నా, మీటరు ముట్టుకోకుండానే స్పీకరు విని చెప్పేసేవాడు ఆయన. ఇంట్లో అక్క పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. మొగుళ్ల చెవుడుకు మందు లేదని మేమంతా నవ్వేవాళ్లం.

ఆరోజు ట్యాక్సీ డ్రైవరు మళ్లీ వచ్చాడు. అతని కారులో సెట్టు బావ బిగించిందే.

"మేస్త్రీ, ఎక్సలేటర్ తొక్కితే చాలు, స్పీకర్లలోంచి కీచుమని సన్నగా కూత. బండెక్కినవాళ్లు తిట్టిపోస్తున్నారు. మీరేమో ఏం లేదని పంపించేస్తారు!"

బావ వెనక సీట్లో కూర్చుని స్పీకరుకు చెవి ఆనించాడు. నేను ముందు కూర్చుని ఎక్సలేటర్ తొక్కాను. కూత సూదిలా లేచింది. తొక్కేకొద్దీ పెరిగింది. నాకు పళ్లు జివ్వుమన్నాయి.

"ఏదీ? శుభ్రంగా ఉందిగా," అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని తెలుసు. అయినా గిరాకీ ముందు ఇంత మొండితనమా?

"చెవుల్లో సీసం పోసుకున్నావా బావా? వీధి వీధంతా వినపడుతుంటేనూ!"

ఎగిరిపడతాడనుకున్నాను. ఎగరలేదు. నా వైపు వంగి, మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు కూడా వస్తోందా?"

నా కాలు ఎక్సలేటర్ మీదే ఉంది. కూత చెవులకు తూట్లు పొడుస్తోంది. నేను తలాడించి కాలు తీసేశాను. అక్క పిలుపులు గుర్తొచ్చాయి. మేం నవ్విన నవ్వులూ గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

బావ మీటరు పట్టుకుని డిక్కీ తెరిచాడు. యాంప్లిఫయరు ఎర్త్ వైరు దగ్గర మీటరు ముల్లు సరిగా నిలవలేదు. స్క్రూ విప్పితే, కింద రేకు మీద రంగు అలాగే ఉంది. రంగు గీకకుండా బిగిస్తే ఎర్త్ ఎలా అందుతుంది? వెనకటి రోజుల్లో అయితే ఇలాంటి పొరపాటు జరిగినా, బండి షాపు దాటకముందే ఆయన చెవి పట్టేసేది. ఆ చెవిని నమ్మే ఈ బండినీ పంపించాడు.

గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా గీకి, బిగించాడు. నేను మళ్లీ తొక్కాను. కూత లేదు. బావ నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. స్పీకరు వైపు చూడలేదు, నా నోటి వైపే చూస్తున్నాడు.

"పోయింది బావా."

"జాలిపడి చెప్పకురా. నిజం చెప్పు."

"ఒట్టు బావా, పోయింది."

"బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ!" అన్నాడు డ్రైవరు సంబరంగా.

బావ అతణ్ణి నమ్మలేదు. నా మొహమే చూస్తున్నాడు. ఎంత ఆపుకున్నా నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆ ఏడుపు మొహం చూసి, కూత ఇంకా ఉందనుకుని, బావ డిక్కీ దగ్గరికెళ్లి మళ్లీ స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు.