గోడ మీది కూలీలు

డోర్నకల్ స్టేషన్ దగ్గర కూలీలు రోజూ పొద్దున్నే పని కోసం నిలబడే గోడ మీద ఒక చిత్రకారుడు పాత నాగళ్లనూ, పారలనూ, వాటిని పట్టిన మనుషులనూ అందంగా గీశాడు. ఆవిష్కరణ రోజున ఫొటోలకు అడ్డమని నిర్వాహకులు కూలీలను తరిమేశారు.

దాంతో ఆ పూట పని దొరకని యాకయ్య అనే కూలీకి ఒళ్లు మండింది. తిరిగొచ్చి గోడ ముందు పార పైకెత్తి, బొమ్మలా కదలకుండా నిలబడ్డాడు. నటుడనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎంత సహజంగా ఉన్నావయ్యా! ఎక్కణ్ణుంచి తీసుకొచ్చారు నిన్ను?" అని అడిగాడు ముఖ్య అతిథి.

"నేను గీడనే ఉంట సార్. పొద్దుగాల మీవోళ్లే ఎల్లగొట్టిండ్రు," అన్నాడు యాకయ్య.

ముఖ్య అతిథి మురిసిపోయి నిర్వాహకుడి భుజం తట్టాడు. "డైలాగు కూడా బాగా రాయించారే!"

యాకయ్య పార భుజానేసుకుని, ఉమ్మేసి వెళ్లిపోయాడు. దానికీ చప్పట్లు కొట్టారు.